పప్పు ఉడకని నీళ్లు

హైదరాబాదులో అద్దె ఇల్లు చూడబోయేవాళ్లు గదులెన్నో అడిగేలోపే "మంజీరా వస్తుందా, బోరేనా?" అంటారు. నగరానికి ఇప్పుడు ఎక్కువగా వస్తున్నవి కృష్ణా, గోదావరి నీళ్లే. అయినా మనకు కుళాయి నీళ్లన్నీ మంజీరానే. బోరు అనగానే మొహాలు మాడిపోతాయి. బకెట్ల మీద తెల్ల చారలు, పూడిపోయిన షవర్ కన్నాలు, ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకని కందిపప్పు కళ్లముందు కదులుతాయి మరి.

రాతి పొరల్లోంచి ఊరే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. పప్పుగింజలో పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. కాల్షియం దాన్ని పట్టుకుని బిగించేస్తుంది, గింజ మెత్తబడదు. చిటికెడు వంటసోడా వేస్తే మెత్తబడుతుంది గానీ పప్పులోని బి-1 విటమిన్ కొంత పోతుంది. మా అమ్మమ్మకు ఈ కెమిస్ట్రీ ఏమీ తెలియదు. పప్పు ఉడికే బావి నీళ్లు వంటకీ తాగడానికీ, పెరటి బావి నీళ్లు వాడుకకీ అని బిందెలు వేరు చేసేది. నాకు తెలిసి పప్పు ఉడకని నీళ్ల సమస్యకి ఇంతకన్నా చవకైన మందు లేదు. ఇంట్లో ప్రతి చుక్కా ఒకే రకంగా ఉండాలన్న పట్టుదల మనకు అపార్ట్‌మెంట్లతో వచ్చింది.

ఆ పట్టుదల మీదే సాఫ్ట్‌నర్ల వ్యాపారం నడుస్తోంది. అది చెడ్డ యంత్రమని అనను. అందులోని రెజిన్ పూసలు కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతాయి. పూసలు నిండిపోతే ఉప్పునీళ్లతో కడగాలి. ఉప్పు బస్తా అయిపోయిందని ఎవరూ గమనించని అపార్ట్‌మెంట్లో ఆ యంత్రం ఉన్నా లేనట్టే. ఉప్పు పడుతున్నా, అందులోంచి వచ్చే నీళ్లు మొక్కలకు మంచివి కావు. బీపీ ఉన్నవాళ్లు తాగడానికీ తగవు. పైపుకి అయస్కాంతం బిగిస్తామంటూ వచ్చేవాళ్లకు మాత్రం నమస్కారం పెట్టి పంపేయండి. అయస్కాంతం నీళ్లలోంచి కాల్షియాన్ని తీసేయదు.

ఇక గీజరు. బోరు నీళ్లు వేడెక్కితే కరిగి ఉన్న బైకార్బొనేట్ కాస్తా సున్నపురాయిగా మారి ఎలిమెంట్‌ని అంటుకుంటుంది. మా గీజరు విప్పినప్పుడు ఎలిమెంట్ చుట్టూ కోడిగుడ్డు పెంకులా పెచ్చు కట్టి ఉంది. స్క్రూడ్రైవర్‌తో తడితే పలకలు పలకలుగా రాలింది. ఆ పెచ్చుని దాటుకుని వేడి నీళ్లకు చేరాలి కాబట్టి ఎలిమెంట్ తొందరగా కాలిపోతుంది. వేడి పెరిగేకొద్దీ పెచ్చు కూడా పెరుగుతుంది. అందుకే థర్మోస్టాట్‌ని 50, 55 డిగ్రీల దగ్గరే ఉంచుతాను. ఏడాదికోసారి మెకానిక్‌తో విప్పించి కడిగిస్తాను.

కుళాయిలకు, షవర్లకు నిమ్మ ఉప్పు చాలు. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాలు కలిపి, షవర్ మూతిని అందులో ముంచి గంటసేపు వదిలేస్తే బుడగలు వస్తూ పెచ్చు కరిగిపోతుంది. ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ చేసుకోదగ్గ పని. బాత్రూమ్ యాసిడ్ జోలికి వెళ్లొద్దు. అది కుళాయిల మెరుగునీ, పాలరాతినీ తినేస్తుంది. దాన్ని బ్లీచింగ్‌తో కలిపితే వచ్చే క్లోరిన్ ప్రాణాలకే ముప్పు.

స్నానానికి సబ్బు నురగ రాదని విసుక్కునేవాళ్లు కుంకుడుకాయని మరచిపోయారు. సబ్బు కాల్షియంతో కలిసి జిడ్డు మడ్డిగా మారుతుంది. కుంకుడు రసానికి ఆ బాధ లేదు, బోరు నీళ్లలోనూ నురగ వస్తుంది.

మరో అపోహ టీడీఎస్ మీటరు. అమ్మకానికి వచ్చినవాళ్లు గ్లాసులో ముంచి అంకె చూపించి భయపెడతారు. ఆ అంకెలో మామూలు ఉప్పూ ఉంటుంది, కాల్షియమూ ఉంటుంది. ఏది ఎంతో అది చెప్పదు. కావలసింది టోటల్ హార్డ్‌నెస్, అంటే నీటి మొత్తం కాఠిన్యం. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అది లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. నీటి కాఠిన్యానికి ఆరోగ్యం పేరు చెప్పి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ పరిమితీ పెట్టలేదు. ఫ్లోరైడ్ సంగతి వేరు, దాన్ని విడిగా పరీక్ష చేయించాల్సిందే.

కాబట్టి యంత్రానికి అడ్వాన్స్ కట్టేముందు ఒక సీసాడు బోరు నీళ్లు ల్యాబ్‌కి పంపి టోటల్ హార్డ్‌నెస్ ఎంతో రాయించుకోండి. 200 లోపు ఉంటే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. బాగా ఎక్కువ వస్తే వంటకీ తాగడానికీ మాత్రం మంచినీళ్లు చూసుకుని, మిగతా పనులు బోరుతోనే కానివ్వండి.