గుగ్గిలం వాసన వేసే గట్టు

తాళ్ళరేవు వైపు కాలువ గట్టున ఒరిగించిన చెక్క పడవ దగ్గర వడ్రంగి ముందు పనిముట్టు పట్టుకోడు. వేలి కణుపులతో పక్క చెక్కల్ని తట్టుకుంటూ పోతాడు. గట్టి చెక్క ఖణేల్మంటుంది, పుచ్చినది డొల్లగా పలుకుతుంది. సగం పని చెవిదే. పాటు వేళ నీరు తీయగానే అడుగున పట్టిన నాచు, గుల్లలు గీకేసి, సందుల్లోని పాత దూది పీకేస్తారు. అసలు నేర్పు ఆ తరువాతే. పురిపెట్టిన నూలును సందులో ఉంచి, పలచటి ఉలి ఆనించి, కొయ్య సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తారు. వదులైతే నీరు ఊరుతుంది. మరీ బిగిస్తే, పడవ నీట దిగి చెక్క ఉబ్బాక ఆ ఒత్తిడికి మేకులు కదులుతాయి. ఈ రెంటికీ మధ్య కొలత ఏ టేపుకీ అందదు. దెబ్బ శబ్దం మారగానే చెయ్యి దానంతటదే ఆగుతుంది. పైన గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్దను వేడిమీదే పూయాలి, చల్లారితే పట్టదు. ఆ ఘాటు బట్టల్ని వదలదు, నాకైతే ఇష్టమే. ఫైబర్ పడవ తేలిక, చాకిరీ తక్కువ, జాలరి దాన్ని కొన్నాడని తప్పు పట్టలేం. కానీ చెక్క పడవలో పుచ్చిన ముక్క కోసేసి, అదే వంపున కొత్త చెక్క అతికి, మళ్ళీ వేటకి పంపగలరు. రాజమండ్రి రేవుల్లో నీళ్ళు అంచుల దాకా వచ్చేలా ఇసుక మోసే పడవల్ని చూసినప్పుడల్లా, సందుల్లో ఆ నూలు కొట్టినవాడికి మనసులోనే ఓ దండం పెడతాను.