వెలువడని గ్రంథమునకు ముందుప్రకటనము

శాస్త్రగ్రంథారంభమున విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యను నాలుగనుబంధములను నిరూపించుట మన పెద్దల సంప్రదాయము. పతంజలి మహాభాష్యమునందలి పస్పశాహ్నికమున శబ్దానుశాసనము విషయమని యుపక్రమించి, రక్ష, ఊహ, ఆగమము, లఘువు, అసందేహము అను నైదు ప్రయోజనములను వివరించెను. ఫలమెఱుగని శ్రోత శ్రవణమునకు ప్రవర్తింపడు గదా. అచ్చుయంత్రము వచ్చిన పిదప నీ కార్యము గ్రంథముకంటె ముందే బయలుదేఱు ప్రకటనపత్రమునకు సంక్రమించినది. గ్రంథకర్తయే ప్రకాశకుడైనచో పత్రమును వ్రాయువాడును అతడే, చందా లడుగువాడును అతడే. కావున నిది వర్తకవిషయమని పండితులు త్రోసిపుచ్చరాదు. ఇదియు నొక రచనయే. దీనికిని గుణదోషవిచారము కావలయును.

తన గ్రంథమును తానే చాటుకొనుట యాత్మస్తుతి యని కొందఱాక్షేపింతురు. ఆక్షేపణము సులభము, కాని గ్రంథకర్తకు వేఱు దారి యేది? పూర్వము కృతిపతి యుండెను. కవి యాతని వంశమును వర్ణించి కృతి యిచ్చెను. వ్రాయించు భారమును, వ్యాపింపజేయు భారమును రాజు వహించెను. కృష్ణాతీరమున ముక్త్యాలవంటి జమీందారీ స్థానములు విద్వాంసుల కాశ్రయము లనిపించుకొన్నది యట్టి వ్యవస్థయందే. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో నా యేలుబడి ముగిసినది. నేడు చరిత్రమో, వ్యాకరణమో, స్థలవృత్తాంతమో వ్రాసిన బడిపంతులునకు కృతిపతి యొక్కడు లేడు. వందలకొలది చిన్న కృతిపతులు గలరు. వారే చందాదారులు. వారిని గ్రంథమునకు ముందే వెదకికొనుట దోషము కాదు. ఎట్టి మాటతో వెదకుచున్నాడనునదే విచార్యము.

ఇచ్చట వ్యాకరణ మొక దారి చూపును. వర్తమానమునకు సమీపమైన భవిష్యత్తును వర్తమానరూపముతో జెప్పవచ్చునని పాణిని యనుమతించెను. “ఎప్పుడు పోయెదవు?” అని యడుగగా “ఇదిగో, పోవుచున్నాను” అనుట యిట్టిది. అడుగు పడలేదు గాని మూట కట్టియున్నది. ఆ వెంటనే మఱియొక విధి: ఆశంస తోచునపుడు భవిష్యత్తును వర్తమానరూపముతోనే కాక భూతరూపముతో గూడ జెప్పవచ్చును. “వాన కురిసినదా, విత్తితి మన్నమాటే” అని మెట్టసీమ రైతు పలుకును. విత్తనము గాదెలోనే యున్నది. వాన యాకసముననే యున్నది. ఇంకను పొందని ప్రియమును పొందగోరుటయే యాశంస.

ముందుప్రకటనములందలి దోషములలో నధికభాగ మీ రెండు విధులను కలిపివేయుటచే బుట్టినదే. “ముద్రణ మగుచున్నది” అను మాటను చదివిన యుపాధ్యాయుడు దానిని సామీప్యార్థమున గ్రహించి పైకము పంపును. వ్రాసినవాని మనస్సున నున్నది యాశంస. రెండర్థములందును ప్రయోగము సాధువే. సాధుశబ్దముచేతనే వంచన జరుగుట యిందలి విశేషము. వంచించుచున్నానని వ్రాసినవానికే తెలియకపోవుట యంతకుమించిన విశేషము.

పరదేశోదాహరణ మొకటి ప్రసిద్ధము. ఆంగ్లనిఘంటుకర్త యగు సామ్యుయల్ జాన్సన్ 1756లో షేక్స్పియర్ నాటకములకు పరిష్కృతముద్రణమును ప్రకటించి చందాలు స్వీకరించెను. 1757 ముగియులోపల నిచ్చెదనని మాట. గ్రంథము వెలువడినది 1765లో. నడుమ 1762లో చర్చిల్ అను కవి యాతని నధిక్షేపించెను. జాన్సన్ విద్వత్తునం దెవ్వరికిని సందేహము లేదు; గ్రంథము వచ్చిన పిదప దాని పీఠిక గొప్పదని లోకము మెచ్చినది. అయినను గ్రంథగుణము ప్రకటనదోషమును పోగొట్టలేదు. ఆ రెండును వేర్వేఱు లెక్కలు.

ఇక స్వదేశమున నిందుకు భిన్నమైన మార్గమును చూపిన మహనీయుడు ముక్త్యాల యున్న మెట్టసీమయందే జన్మించెను. మునియేటి యొడ్డున నున్న పెనుగంచిప్రోలు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు జన్మస్థానము. 1877లో జనించిన యీయన మునగాల సంస్థానమున దివాను. 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసినపుడు ప్రధాననిర్మాత యీయనయే. నందిగామలో బుట్టిన అయ్యదేవర కాళేశ్వరరావు గూడ దానికి దోహద మొనర్చెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రముతో నారంభమైన యా మండలి, చరిత్రమును ప్రకృతిశాస్త్రమును తెలుగువారి యిండ్లకు జేర్చినది. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగము 1910లో దానినుండియే వెలువడినది. ఒక గ్రంథము చేతికందిన పిదప రెండవదానిని గూర్చి చెప్పిన మాటకు పాఠకుడు విలువ నిచ్చును. ముందు వచ్చిన పుస్తకమే వెనుకరాబోవు పుస్తకమునకు ప్రకటనము.

ఇట్లు నమ్మకము కూడిన పిదపనే లక్ష్మణరావు 1912-13 ప్రాంతమున మద్రాసున ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు బూనుకొనెను. మల్లంపల్లి సోమశేఖరశర్మ మున్నగువారు తోడ్పడిరి. ఒక్క పెట్టున సమస్తము నిత్తునని కూర్చుండక, సిద్ధమైనదానిని సిద్ధమైనట్లే వెలువరించుచు వచ్చెను. మూడు సంపుటములు వెలువడినవి. అకారము మాత్రము ముగిసినది. 1923లో 46 ఏండ్ల వయసున నాయన గతించెను. మరాఠీలో శ్రీధర వేంకటేశ కేత్కర్ వాటాదారుల మండలి నేర్పఱచి, 1920 మొదలు జ్ఞానకోశమును 23 సంపుటములుగా వెలువరించి ముగింపగలిగెను. తెలుగున నట్లు కాలేదు. లక్ష్మణరావు మరణానంతరము కాశీనాథుని నాగేశ్వరరావు సర్వస్వమును సంస్కరించి మరల బ్రకటింప బూనెను. 1938లో నాయనయు గతించెను. పిదప 1947లో నేర్పడిన తెలుగు భాషాసమితి విషయక్రమమున సంపుటములను వెలువరించినది. అందు గూడ మల్లంపల్లివారి కృషి గలదు.

అకారము దాటని సర్వస్వము ప్రతిజ్ఞాభంగమా? కాదని చెప్పవలయును. సర్వస్వ మను పేరునం దున్నది యాశంస. చేతికందిన సంపుటమునం దున్నది సిద్ధవస్తువు. కొన్నవాడు వెల యిచ్చినది సిద్ధవస్తువునకు. అకారాదిపదములను గూర్చి తెలిసికొనగోరినవానికి హకార మచ్చు కాకపోవుట లోపము కాదు. జాన్సనుని చందాదారు డెనిమిదేండ్లు వట్టిచేతులతో నుండెను. లక్ష్మణరావు పాఠకుడు చేత సంపుటముతో దుఃఖించెను. ఆ దుఃఖము ఋణదాత దుఃఖము కాదు, బంధువు దుఃఖము. అందుచేతనే యా కార్యమును మఱియొకరు, వారి పిదప నింకొకరు తలకెత్తుకొనిరి. వంచింపబడినవా రెవ్వరును వంచకుని పనిని కొనసాగింపరు.

ప్రకటనమున జెప్పవలసిన దేమి యనుదానికి ఆ సీమయందే శిలామయమైన మాదిరి గలదు. జగ్గయ్యపేట స్తూపమువద్ద దొరకిన యాయకస్తంభశాసనములు, 1887లో బర్జెస్ ప్రకటించిన గ్రంథమువలన విద్వల్లోకమునకు సుపరిచితములు. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని యిరువదవ రాజ్యసంవత్సరమున సిద్ధార్థు డను శిల్పి మహాచైత్యపు తూర్పుద్వారమున నైదు స్తంభములను నిలిపెను. శాసనమున సంవత్సరము, కర్త పేరు, తండ్రి పేరు, ఊరు, నిలిపిన వస్తువు, సంఖ్య, స్థలము, సర్వప్రాణిహిత మను ప్రయోజనము గలవు. అతిశయోక్తి లేదు. అది కార్యము ముగిసిన పిదప జెక్కినదే యైనను, విషయ ప్రయోజనాది నిరూపణమునకు దానిని మించిన యాదర్శము లేదు.

ముక్త్యాల చరిత్రమును వ్రాసి తానే యచ్చువేయించుకొనదలచిన యుపాధ్యాయు డొకడున్నా డనుకొందము. “ఇంతవఱకు నెవ్వరును వ్రాయని మహాగ్రంథము” అని యాతడు ప్రకటించినచో నది కేవలము అర్థవాదము. విధితో గూడినపుడే యర్థవాదమునకు ప్రామాణ్యమని మీమాంసకుల మతము. విధిలేని స్తుతి గాలిమాట. అట్లుగాక, ఏ శాసనములను స్వయముగా చూచెనో, ఏ కైఫీయతులను చదివెనో, ఏ వృత్తాంతమును వృద్ధులనుండి వినెనో, ఎన్ని ప్రకరణములు ముగిసినవో, ఎన్ని ఫారము లచ్చయినవో చెప్పి, ఒక ప్రకరణమును మచ్చునకు ముందుగా బంచిపెట్టినచో స్తుతితో బని లేదు. చదివినవాడే స్తుతించును. నేడు చేతిఫోనులలో క్షణమున వేయిమందికి ప్రకటనము పంపవచ్చును, క్షణమున వెలయు రాబట్టవచ్చును. సాధనము వేగమైనకొలది మాట తూచి పలుకవలసిన యవసర మెక్కువ.

కావున స్వయంప్రకాశకుని పత్రము మూడు విభాగములుగా నుండవలయును: సిద్ధము, సన్నిహితము, ఆశంసితము. సిద్ధమునకు వెల యడుగవచ్చును. సన్నిహితమునకు దినము నిర్ణయించి, తప్పినచో పైకము తిరిగి యిచ్చెదనని చెప్పి యడుగవచ్చును. ఆశంసితమునకు ఆశీర్వచనమునే యడుగవలయును. ఇట్టి పత్రము వచ్చినపుడు దానిని ప్రక్కకు నెట్టక, పాఠశాలకొక ప్రతి కొనుట పండితుల ధర్మము. రాజులు పోయిన పిదప కృతిపతిత్వము వారికే సంక్రమించినది. ఒక ప్రకటనము కల్లయైనచో నష్టపోవువాడు చందాదారుడు మాత్రమే కాడు. ఆ యూర తరువాత గ్రంథము వ్రాసి నిజము పలుకువాడు గూడ నష్టపోవును.