చేపకు నొప్పి తెలియునా? ఒక గ్రంథ విమర్శ

అంగలకుదురులో మా ఇంటి గాజుతొట్టిలోని బంగారు చేప మూడు దినములుగా మేత ముట్టక, పక్కకు ఒరిగి, అడుగున పడి ఉన్నది. పొరుగింటి తొమ్మిదవ తరగతి పిల్లవాడు చూచి, “మాస్టారూ, కాలువలో వదిలేద్దామా? ఎట్లాగూ చేపకు నొప్పి తెలియదు గదా!” అన్నాడు. తెలియదని నీకెట్లా తెలుసునని అడిగితే వాని వద్ద జవాబు లేదు. ఆ జవాబు కొరకే విక్టోరియా బ్రెయిత్‌వైట్ రచించిన ‘డు ఫిష్ ఫీల్ పెయిన్?’ అను గ్రంథమును మరల చదివినాను. దీనిని 2010లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రచురించినది. రచయిత్రి 2019లో మరణించినారు.

ఈ గ్రంథములోని గొప్పతనము, పెద్ద ప్రశ్నను పరీక్షింపదగిన చిన్న ప్రశ్నలుగా విడదీయుట. హానిని గుర్తించు నాడీ అంత్యములు చేపకు ఉన్నవా? లిన్ స్నెడ్డన్, మైకేల్ జెంటిల్‌లతో కలిసి ఆమె 2003లో ప్రకటించిన పరిశోధనలో, ట్రౌట్ చేప ముఖముపై 58 గ్రాహకములను పరీక్షింపగా 22 అట్టివని తేలినది. హాని కలిగినచో నడవడి మారునా? పెదవిలో ఎసిటిక్ ఆమ్లము ఎక్కించిన చేపలు వేగముగా శ్వాసించినవి. పెదవులను గులకరాళ్లకు రుద్దుకొన్నవి. చాలసేపు మేత ముట్టలేదు. చేప ధ్యాస చెదరునా? లెగో ఇటుకల గోపురమును తొట్టిలో దింపగా ఆరోగ్యముగా ఉన్న ట్రౌట్ దూరముగా తొలగినది. ఆమ్లము ఎక్కించినది అంతగా పట్టించుకొనలేదు. మార్ఫిన్ ఇచ్చిన పిమ్మట అదియు తొలగసాగినది. పంటినొప్పి ఉన్నప్పుడు మనకు పాఠము తలకెక్కునా?

ఇక లోపములు. చేపకు నియోకార్టెక్స్ అను మెదడు పొర లేదు గనుక నొప్పి అనుభవము ఉండజాలదని జేమ్స్ రోజ్ 2002లో వాదించినారు. చేప ముందు మెదడులోని ఇతర భాగములు అట్టి పని చేయగలవని రచయిత్రి సమాధానము. అది బలమైనదే. అయినను నడవడిని కొలువగలము గాని అనుభవమును కొలువలేము. ఆ చివరి అడుగు ప్రయోగము కాదు, తర్కము. దానిని ఆమె ఇంకను స్పష్టముగా వేరుచేసి చూపవలసినది.

రెండవ లోపము నాకు మరింత ముఖ్యము. ఆమె దృష్టి ఎక్కువగా గాలముపై, వలపై, చేపల పెంపకముపై ఉన్నది. గాజుతొట్టి ఎదుట నిలిచినవానికి ఏమి చేయవలెనో తెలియదు. మొదట నీటిని చూడవలెను: అమ్మోనియా పెరిగినను, కుళాయి నీటి క్లోరిన్ పోకున్నను చేప ఇట్లే వాడిపోవును. నీరు బాగుచేసినను, చికిత్స చేసినను కోలుకొనక, నిలువలేక, మేత మానినచో బాధను పొడిగించుట దయ కాదు. నీటి బయట పడవేయుట, బ్రతికియుండగా ఫ్రిజ్‌లో గడ్డకట్టించుట తగవని అమెరికా పశువైద్య సంఘము 2020 మార్గదర్శకములు చెప్పుచున్నవి. కాలువలో వదలుట అక్కడి చేపలకు రోగము అంటించుటయే కావచ్చును.

పంటినొప్పికి వాడు లవంగ నూనెలోని యూజినాల్ చేపకు మత్తుమందు. పెద్దవారు దానిని గోరువెచ్చని నీటిలో బాగుగా గిలకొట్టి, చేప ఉన్న చిన్న పాత్రలో కొద్దికొద్దిగా పోయవలెను. చేప మత్తులో పడిన పిమ్మట లీటరుకు 0.4 మిల్లీలీటర్ల వరకు పెంచి, మొప్పల కదలిక ఆగిన తరువాత కనీసము 30 నిమిషములు ఉంచవలెను. పిదప మట్టిలో పాతవలెను. ఇతర జంతువులకు వేయరాదు.

మా చేపకు నీరు మార్చి రెండు దినములు చూచి, చివరకు అట్లే చేసితిమి. పిల్లవాడు గడియారము చూచి నిమిషములు లెక్కించినాడు. చేపకు నొప్పి తెలియదని మరల అనలేదు. తెలియునని కూడ అనలేదు. “తెలిస్తేనో?” అన్నాడు. ఈ గ్రంథము చదువదగినది అందుకే. ఉపాధ్యాయులు లెగో ప్రయోగమును తరగతిలో వినిపించి, దాని నుండి ఎంతవరకు నిర్ణయింపవచ్చునో విద్యార్థులనే అడుగుదురు గాక.