పులిరాజా పక్కన ఎవరు?

"పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" 2003 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ హోర్డింగుల మీద కనిపించిన ఈ వాక్యాన్ని నేను ఒక చిన్న కథగానే చదువుతాను. జవాబు చెప్పకుండా ప్రశ్న వదిలెయ్యడమే దాని బలం. జగిత్యాల బస్టాండులోనూ సిరిసిల్ల సాంచెల దగ్గరా జనం నవ్వుకుంటూనే ఎయిడ్స్ అన్న మాట పైకి అనగలిగారు.

కానీ నాకు గుర్తున్నంతలో పులిరాజా పక్కన ఎప్పుడూ ఆడమనిషినే ఊహించుకున్నాం. మగవాడు కూడా ఉండొచ్చని ఆ కథ ఒప్పుకోలేదు. అప్పటికి 377 ప్రకారం అది నేరం మరి. 2018లో సుప్రీంకోర్టు ఆ నేరాన్ని తీసేసింది, కథని మాత్రం ఎవరూ తిరగరాయలేదు.

ఇప్పుడు రాస్తే అందులోకి ప్రెప్ రావాలి. హెచ్ఐవీ లేనివాళ్ళు అది రాకుండా వేసుకునే మాత్ర ఇది. మొదలుపెట్టే ముందు టెస్టు, ఆ తర్వాత మూడు నెలలకోసారి. సరిగ్గా వాడితే సెక్స్ ద్వారా సోకే ప్రమాదం దాదాపు 99 శాతం తగ్గుతుంది. (మిగతా సుఖవ్యాధుల్ని ఆపదు, కండోమ్ మానెయ్యకూడదు.) అమెరికా 2012లోనే అనుమతిచ్చింది. జనరిక్ మందు మన హైదరాబాద్ కంపెనీలే చేస్తాయి.

అయినా కోరుట్లలో పెళ్ళాం పిల్లలుండి, దుబాయ్ పోయొస్తూ, మగవాళ్ళతోనూ పడుకునే మనిషికి ఈ సంగతి ఎవరు చెప్తున్నారు? కరపత్రాల్లో రాసే "హై రిస్క్ గ్రూప్"లో అతను తనని చూసుకోడు. బహుశా గే అని కూడా అనుకోడు. పులిరాజా అంటే మాత్రం తల తిప్పి చూస్తాడు.