చక్రాలు ఆనాకే అసలు పని

జహీరాబాద్ వాళ్లకు విమానం మోత కొత్త కాదు. పక్కనే బీదర్ వైమానిక దళ కేంద్రం. 1996లో సూర్యకిరణ్ బృందం పుట్టింది అక్కడే, ఇప్పుడు హాక్ జెట్ల మీద కుర్ర పైలట్లు ఆరితేరేదీ అక్కడే. చెరకు చేలో తలెత్తితే కనపడేది విన్యాసం. పైలట్ పనితనం మాత్రం దిగేటప్పుడు తెలుస్తుంది, అదీ గాలి పక్కనుంచి కొడుతున్నప్పుడు. పైలట్లు ఆ గాలిని క్రాస్‌విండ్ అంటారు. మనం అడ్డగాలి అనుకుందాం.

రన్‌వే వేసేటప్పుడే గాలి వాటం చూస్తారు. మన దగ్గర వానాకాలం గాలి పడమటి వైపు నుంచి వస్తుంది. బేగంపేట రన్‌వే కూడా తూర్పు పడమరలుగానే ఉంది. దాని కొసలకు 09, 27 అని అంకెలు. 27 అంటే దిక్సూచి మీద 270 డిగ్రీలు. అయితే గాలి రన్‌వేని అడిగి వీచదు కదా! 230 డిగ్రీల నుంచి, అంటే నైరుతి నుంచి, 20 నాట్లతో వీస్తోందనుకోండి. అందులో అడ్డంగా తగిలేది దాదాపు 13 నాట్లు. శిక్షణలో బాగా వాడే సెస్నా 152కి తయారీదారులు పరీక్షించి చూపించింది 12 నాట్లే, సెస్నా 172కి 15. అది నిషేధ రేఖ కాదు. చేయి తిరిగిన పరీక్షా పైలట్ అంత గాలిలో దించి చూపాడని మాత్రమే అర్థం. ఇరవై గంటలు ఎగిరిన కుర్రాడు దాన్ని తన హక్కనుకోకూడదు.

మంజీరలో పడవ వేసేవాడు ఎదురు రేవుకు చేరాలంటే ముక్కు ఎగువకు పెడతాడు. విమానమూ అంతే. 60 నాట్ల వేగంతో వస్తుంటే, 10 నాట్ల అడ్డగాలికి ముక్కును దాదాపు 10 డిగ్రీలు గాలివైపు తిప్పాలి. దీని పేరు క్రాబ్, అచ్చం ఎండ్రకాయ నడక. అలాగే నేలకు ఆనితే టైర్లు పక్కకు ఈడ్చుకుపోతాయి. అందుకే చివరి క్షణాల్లో పెడల్ తొక్కి, తోక చుక్కాని అయిన రడ్డర్‌తో ముక్కును మధ్య గీతకు తెస్తారు, గాలివైపు రెక్కను కాస్త వంచుతారు. ముందు ఆ వైపు చక్రం ఒక్కటే ఆనుతుంది, తర్వాత రెండోది, ఆఖరున ముక్కు చక్రం. చూసేవాళ్లకు ఒంటికాలి మీద కుంటినట్టుంటుంది కానీ సరైన పద్ధతి అదే.

మరి అదుపు తప్పేదెప్పుడు? చాలాసార్లు చక్రాలు ఆనాకే. హమ్మయ్య అనుకోగానే చేయి సడలుతుంది. గాలి ఎడమనుంచి ఉందనుకుందాం. నిలువు తోక గాలికోడిలా పనిచేసి ముక్కును ఎడమకు లాగుతుంది, ఎడమ రెక్క లేస్తుంది. కంగారులో పైలట్ చేతిలోని యోక్‌ను కారు స్టీరింగ్ అనుకుని కుడికి తిప్పుతాడు. దాంతో ఎడమ రెక్క ఇంకా లేస్తుంది! యోక్ ఎడమకే ఉండాలి, కుడి కాలు పెడల్ తొక్కాలి. పైగా వేగం తగ్గేకొద్దీ ఐలరాన్ల, అంటే రెక్కల వెనక అంచు పలకల, పట్టు తగ్గుతుంది కాబట్టి యోక్‌ను ఇంకా ఇంకా తిప్పుతూ పోవాలి.

ఈ క్రమశిక్షణ తోకచక్రం విమానాల నాటిది. 1958లో తొలిసారి ఎగిరిన హెచ్‌ఏఎల్ పుష్పక్ ఆ కోవదే, ఒకప్పుడు మన ఫ్లయింగ్ క్లబ్బులకు బాగా చుట్టం. దాని బరువు ప్రధాన చక్రాలకు వెనక ఉంటుంది. చెరకు ట్రాలీని రివర్స్ చేసిన డ్రైవర్‌ను అడగండి, వంకర మొదలైతే దానంతటదే పెరుగుతుందంటాడు. పుష్పక్ కూడా అలాగే గిర్రున తిరిగిపోగలదు. దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు. అందుకే విమానాన్ని కట్టేసేదాకా కాళ్లు పెడళ్ల మీదే ఉండాలని నేర్పేవారు. ముక్కు చక్రం వచ్చాక తప్పులు కొంత దాగుతున్నాయి, కాళ్లకు బద్ధకం పెరిగిందని నా ఫిర్యాదు.

దిగేటప్పుడు రడ్డర్ పూర్తిగా తొక్కినా ముక్కు గీతకు రాకపోతే, ఆ గాలి ఆ విమానానికి మించినదే. థ్రాటిల్ నెట్టి మళ్లీ పైకి పోవాలి. ఇందులో నామోషీ లేదు. 2008 మార్చి 1న హాంబర్గ్‌లో అడ్డగాలిలో దిగబోయిన లుఫ్తాన్సా ఎయిర్‌బస్ రెక్క కొస రన్‌వేని గీసుకుంది. పైలట్లు వెంటనే పైకి లేపి, తర్వాత వేరే రన్‌వే మీద క్షేమంగా దించారు.

ఈసారి వానాకాలంలో చిన్న విమానం దిగుతుంటే ఒంటి చక్రం చూసి భయపడకండి. వేగం తగ్గి, రన్‌వే వదిలే మలుపు దగ్గరికి వచ్చాక గాలివైపు రెక్కను చూడండి. దాని వెనక అంచు పలక ఇంకా పైకి లేచే ఉంటే, ఆ కుర్రాడికి నేర్పినవాళ్లు సరిగానే నేర్పారు.