పండుగలు లేని ఆదివారములు

పెంతెకొస్తు వెళ్లి, త్రిత్వ ఆదివారము గడచిన పిదప సంఘ పంచాంగములో ఒక దీర్ఘకాలము ప్రారంభమగును. క్రిస్మసునకు ముందు నాలుగవ ఆదివారమున ఆగమనకాలము వచ్చువరకు, ఇంచుమించు అర్ధసంవత్సరము, బలిపీఠముపై ఆకుపచ్చని వస్త్రమే పరచియుండును. ఆదివారములకు సైతము ప్రత్యేక నామములు లేక, త్రిత్వమునకు తరువాత ఇన్నవ ఆదివారమని లెక్కయే పేరుగా సాగిపోవును.

ఒడిశాలోని మా మునిగుడ సీమలో ఈ కాలము వానలతోడనే వచ్చును. నియమగిరి శిఖరములు మేఘములలో మునిగి, పల్లెలు వరి పొలములలోను చోడిచేలలోను తలమునకలైయుండగా, కొండదారులు బురదయై ఆరాధనకు వచ్చువారు తగ్గుదురు. గుడిలో జనము పలుచబడినంతమాత్రమున విశ్వాసము పలుచబడినదని తలపరాదు. అది అప్పుడు గుడినుండి యింటికి తరలివచ్చి, వంటింటిలోను దీపముచెంతను తన పని తాను చేసికొనుచుండును.

జర్మనీ దేశమున బ్రెక్లుం గ్రామములో క్రిస్టియన్ యెన్సెన్ 1876లో నెలకొల్పిన మిషను పంపిన బోధకులు ఈ కోరాపుట్ కొండలకు వచ్చినది మొదలు, 1928లో జయపూర్ ఎవాంజెలికల్ లూథరన్ సంఘము ఏర్పడువరకును, ఆ తరువాతను, ఇచటి విశ్వాసమును నిలిపినవి చరిత్రకెక్కిన దినములకంటె పేరులేని ఆదివారములే యని నా దృఢవిశ్వాసము.

ఆ నిలుకడకు సాధనములు రెండు. మొదటిది సాయంకాలపు కుటుంబ ప్రార్థన. బ్రాహ్మణ కుటుంబమున 1803లో జన్మించి తెలుగున భక్తికీర్తనలు రచించిన పురుషోత్తమ చౌధరి పాటలను, వానహోరులో గొంతు వినబడకున్నను, మా యమ్మ ఒక్క చరణమైన విడువక పాడెడిది; దుఃఖదినములలో నాకు ఆసరాయైనవి పండుగనాటి ప్రసంగములు కావు, ఆ చరణములే.

రెండవది పిడికెడు బియ్యము. వంటకు బియ్యము కొలిచిన పిమ్మట, ఎసటిలో పోయుటకు ముందు, ఇల్లాలు అందుండి ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేయును. నిండిన కుండను ఆదివారము గుడికి గొనిపోయి కానుకగా అర్పించును. మిజోరం సంఘములలో 1910లో మొదలైన యిట్టి ఆచారమే అచటి సువార్త సేవకు గొప్ప ఆధారమైనది. తీసిన పిడికెడు పళ్లెములో వెలితిగా కానరాదు. కాని అలసిన దినమున, అప్పు పెరిగిన దినమున, మనసు దేవునిపై అలిగిన దినమున సైతము ఆ చేయి కుండవైపు సాగవలెను. భక్తి భావావేశముగాక అభ్యాసమగుట అచటనే.

పండుగనాడు సంఘమంతయు కలిసి మనలను నడిపించును. పండుగలేనినాడు మనమే నడువవలెను. కావున చదువరులారా, ఆగమనకాలముకొరకు వేచియుండక, ఈ సాయంకాలమే ఇంటిల్లిపాది కూర్చుండి ఒక కీర్తన పాడుడు. రేపటి ఎసటికి ముందు ఒక పిడికెడు తీసి యుంచుడు.