రెండో పక్క చివర్లో బాలు

1988లో కొన్నాళ్లు ప్రొద్దుటూరులో ఒక రికార్డింగ్ షాపులో పని చేశాను. డిగ్రీ తప్పి, మళ్లీ పరీక్ష కట్టేలోపల ఇంట్లో ఉండలేక చేరిన పని. జనం ఖాళీ క్యాసెట్టు ఒకటీ, నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద పాటల జాబితా ఒకటీ తెచ్చి ఇచ్చేవాళ్లు. మేము ఆ పాటలు వరసగా ఎక్కించి రెండు మూడు రోజుల్లో ఇచ్చేవాళ్లం. (ఇది దొంగతనం కిందికి వస్తుందని అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. చెప్పినా మానేవాళ్లం కాదేమో.)

అరవై నిమిషాల క్యాసెట్టులో పక్కకు ఆరేడు పాటలు పడతాయి. జాబితా అయిపోయాక రెండో పక్క చివర్లో ఎంతో కొంత జాగా మిగిలేది. వదిలేస్తే గొడవ. "డబ్బు నిండా తీసుకోని టేపు సగం ఖాళీగా ఇస్తారా?" అని వెనక్కి వచ్చేవాళ్లు. అందుకని ఆ జాగాలో మాకు నచ్చిన పాట వేసి పూడ్చేవాళ్లం. నేను ఎక్కువగా వేసినవి 'పడమటి సంధ్యారాగం' పాటలు. ఎవరూ జాబితాలో రాయని పాటలు కాబట్టి, ఇంకొకరి క్యాసెట్టులో ఇప్పటికే ఉంటాయన్న భయం లేదు.

జంధ్యాల తీసిన ఆ సినిమా 1987లో వచ్చింది. అమెరికాకు వెళ్లిన తెలుగు కుటుంబం, పాత పద్ధతులు వదలని తండ్రి, తెల్ల కుర్రాణ్ణి ఇష్టపడ్డ కూతురు. సినిమాలో ఎక్కువ భాగం అక్కడే తీశారు. కూతురు విజయశాంతి, తండ్రి గుమ్మలూరి శాస్త్రి. ఆ తెల్ల కుర్రాడు థామస్ జేన్ తర్వాత హాలీవుడ్‌లో 'పనిషర్' దాకా వెళ్లాడు. డ్రమ్స్ శివమణి కూడా ఇందులో నటించాడు. సంగీతం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. బాలు పాటల అభిమానులు చాలామంది ఈ చివరి మాట దగ్గర ఇప్పటికీ ఒక క్షణం ఆగుతారు. "ఓ, అది బాలూదా?" అంటారు.

అప్పుడు నేను చేసిన ఒక చిన్న పొరపాటు వల్ల నాకు చాలా అభిప్రాయాలు ఉచితంగా దొరికాయి. క్యాసెట్టు అట్ట మీద పాట పేరు పక్కన పాడినవాళ్ల పేరు రాయాలి. నేను ఈ పాటలన్నిటి పక్కనా 'బాలు' అని రాసేవాణ్ణి. 'ముద్దుగారే యశోద' పక్కన కూడా అదే రాశాను. పాడింది ఎస్. జానకి.

మొదట పట్టుకున్నది మా వీధి చివర నగల పని చేసే ఒకాయన. రోజంతా కుంపటి ముందు కూర్చుని పాటలు వింటూ పని చేసుకునే మనిషి. చెవి గట్టిది. "ఏమబ్బయా, బాలు అని రాసినావు, జానకమ్మ పాడతాంది. బాలు యాడున్నాడు ఇందులో?" అన్నాడు. ట్యూను ఏర్పాటు చేసిందీ, వాయిద్యాలు కూర్చిందీ బాలూయేనని చెప్పాను. ఆయన నవ్వాడు. "అన్నమయ్య పాటకు బాలు ఏం చేసినాడప్పా? కుందనం ఆయప్పది, పొదిగింది ఈయప్ప. పొదిగినోని పేరు నగ మీద రాస్తారా ఎవరన్నా?" ఆ పనిచేసే మనిషే అలా అంటే నా దగ్గర జవాబు లేకపోయింది.

జమ్మలమడుగు నుంచి ఒకావిడ వచ్చేది. అక్కడి మిషన్ ఆసుపత్రిలో నర్సు, ఆదివారం చర్చిలో పాడేది. ఆమెకు పూరకంగా వేసింది 'ఈ తూరుపు ఆ పశ్చిమం'. రెండు వారాల తర్వాత వచ్చి ఆ సినిమా పాటలన్నీ ఒకే క్యాసెట్టులో ఎక్కించమంది. ఆ షాపులో నేనున్నన్నాళ్లూ ఆ కోరిక కోరింది ఆమె ఒక్కతే. ఎందుకు నచ్చిందని అడిగితే, "మా క్వయర్‌లో గట్టిగా పాడేవాళ్లు పక్కవాళ్లను మింగేస్తారు నాయనా. ఈయనకు అంత గొంతుండీ పక్కన పాడే ఆమెకు చోటిచ్చి పాడినాడు" అంది. పాట గురించి నేను విన్న మంచి మాటల్లో అదొకటి. అప్పుడు నాకు దాని విలువ తెలియలేదు.

మూడో మనిషి పులివెందుల దిక్కు చీనీ తోటల రైతు. బాలు అంటే ప్రాణం. దానికి ఆయన దగ్గర జిల్లా కారణం కూడా ఉండేది. బాలుకు సినిమాలో మొదటి పాట దొరికింది 1967లో వచ్చిన 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'లో. ఆ సినిమా తీసిన హాస్యనటుడు పద్మనాభం పులివెందుల పక్కన సింహాద్రిపురం మనిషి. కాబట్టి బాలును లోకానికిచ్చింది మేమేనని ఆయన వాదన. సంగీతం కోదండపాణి అని నేను గుర్తు చేస్తే, "దుడ్డు పెట్టిందెవురు?" అనేవాడు. ఆయనకు మాత్రం ఈ క్యాసెట్టు అస్సలు నచ్చలేదు. "ట్యూన్లు కట్టేదానికి చక్రవర్తి ఉండాడు, ఇళయరాజా ఉండాడు. ఈయప్పకెందుకు ఆ యవ్వారం? పాడితే సాలదా?" అని విసుక్కున్నాడు.

ముగ్గురివీ మూడు మాటలైనా, పోగుచేస్తే ఈ ఆల్బం ఎందుకు మరుగున పడిందో దాదాపు తెలిసిపోతుంది. అప్పటికి బాలు ఇరవయ్యేళ్ల గాయకుడు. 'శంకరాభరణం', 'ఏక్ దూజే కే లియే', 'సాగరసంగమం' అయిపోయాయి. ఆ గొంతు కోసం డబ్బు పెట్టినవాడు గొంతునే వెతుక్కుంటాడు. ఇందులో ఆ గొంతు ఉంది గానీ ముందుకు వచ్చి నిలబడదు. ఎక్కించిన అన్నమయ్య పాటను జానకికి ఇచ్చేశాడు. తాను పాడినచోట కూడా గుక్క తిప్పుకోకుండా సాగదీసే విన్యాసాల్లేవు. 'బాలు క్యాసెట్టు' కొనుక్కున్నవాడికి ఇది తూకంలో మోసంలాగే కనిపిస్తుంది.

నా వాదన మాత్రం వేరు. మనం బాలు గొంతును ప్రేమించాం గానీ ఆయన చెవిని పట్టించుకోలేదు. సినిమాల్లోకి ఆయన్ను చెయ్యి పట్టుకుని తెచ్చింది కోదండపాణి, ఒక సంగీత దర్శకుడు. తర్వాత తన రికార్డింగ్ థియేటర్‌కు బాలు పెట్టుకున్నది ఆ గురువు పేరే. 1977లో దాసరి 'కన్యాకుమారి'తో సంగీతం మొదలుపెట్టాడు. 1979లో బాపు 'తూర్పు వెళ్ళే రైలు' చేశాడు. అది భారతీరాజా తమిళ సినిమాకు తెలుగు రూపం. తమిళంలో సంగీతం ఇళయరాజాది. ఆ పాటలు జనం నోళ్లలో ఉండగానే అదే కథకు మళ్లీ కొత్తగా పాటలు కట్టడానికి గుండె ధైర్యం ఉండాలి. కట్టాడు, 'చుట్టూ చెంగావి చీర' నిలబడింది. ఆ తర్వాత 'మయూరి'. పులివెందులాయన అన్నట్టు ఇది పనిలేక పెట్టుకున్న యవ్వారం కాదు. (ఒకదాంట్లో తూర్పు, ఇంకోదాంట్లో పడమర. ఈ దిక్కుల సంగతి బాలు ఎప్పుడైనా గమనించాడో లేదో.)

'పడమటి సంధ్యారాగం' పాటల వరస చూడండి. అన్నమయ్య పదం ఉంది. సదాశివ బ్రహ్మేంద్రుల 'పిబరే రామరసం' ఉంది. 'లైఫ్ ఈజ్ షాబీ' అనే ఇంగ్లీషు పాట ఉంది. మధ్యలో తెలుగు యుగళగీతం. 1988లో నాకిది కలగాపులగం అనిపించింది. అందుకే కదా ముక్కలు ముక్కలుగా కోసి పూరకాలకు వాడుకున్నాను! ఇప్పుడు వింటే అది ఒక ఇల్లు. అమెరికాలో తెలుగువాళ్ల ఇల్లు ఏదైనా అంతే. వంటింట్లో తాళ్లపాక, హాల్లో టీవీ, పిల్లల గదిలో ఇంకేదో. బాలు వీటిని ఒకదాంట్లో ఒకటి కలిపి ఫ్యూజన్ చేయబోలేదు. యశోద పాట కింద గిటారు కొట్టించి ఆధునికం చేశానని చెప్పుకోలేదు. దేని గది దానికి వదిలేశాడు. తూరుపూ పడమరా ఒకచోట చేరేది ఆ యుగళగీతంలోనే, అదీ మాటల్లో మొదట, తర్వాతే స్వరాల్లో.

ఇంకో సంగతి ఉంది. ఆ రోజుల్లో తెలుగు సినిమాలో పడమటి వాయిద్యాలు గట్టిగా మోగాయంటే అక్కడ విలన్ డెన్ ఉండాలి, లేదా దారితప్పిన పిల్ల ఉండాలి. సంప్రదాయ సంగీతం గురువుల పక్షం. 'శంకరాభరణం' కూడా ఒకచోట ఆ గీత గీస్తుంది. ఆ సినిమాకు జాతీయ అవార్డు తెచ్చుకున్న గొంతే, కొన్నేళ్లకు తన సొంత బాణీలో ఇంగ్లీషు పాటకు ఆ శిక్ష వేయలేదు. అది చెడ్డవాళ్ల పాట కాదు, కుర్రవాళ్ల పాట. ఇంతే తేడా. కానీ ఎన్ని సినిమాలు ఈ చిన్న తేడా చూపించాయో లెక్కపెట్టండి, చేతివేళ్లు మిగిలిపోతాయి.

అలాగని ఇదంతా మేలిమి బంగారం అనను. ఆ ఇంగ్లీషు పాట ఉద్దేశం మంచిదే గానీ పాటగా బలహీనం. ఆ 'షాబీ' అనే మాట ప్రేమపాటలోకి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ప్రాస కోసం తెచ్చి కూర్చోబెట్టినట్టుంటుంది. కీబోర్డు మోత ఆ కాలపు జబ్బే, దాంట్లోంచి చాలామంది బయటపడలేదు, బాలూ పడలేదు. ఇళయరాజా అదే ఏళ్లలో తీగవాయిద్యాలతో చేస్తున్న పని పక్కన పెడితే వీటి మధ్య సంగీతం పలుచన. ఇళయరాజా పాటలో గొంతు ఆగిపోయిన తర్వాత కూడా కథ నడుస్తుంది. బాలు పాటలో గొంతు ఆగితే మళ్లీ గొంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తాం. ఎంత చెవి ఉన్నా ఆయన గాయకుడే, పాటను లోపలి నుంచి కట్టుకుంటూ వస్తాడు. దానివల్ల పోయింది కొంత. దక్కింది మాత్రం జానకి పాట. పిల్లాడు ఒళ్లో ఉంటే ఎంత గొంతుతో పాడతారో అంతే గొంతుతో పాడుతుంది ఆమె. కచేరీ వాసన లేదు. అలా పాడించడం ఇంకో గాయకుడికే తెలుస్తుంది. నగల పనాయన అడిగిన ప్రశ్నకు నేను చెప్పవలసిన జవాబు ఇదేననుకుంటా. కుందనం అన్నమయ్యదే. ఆ కుందనం కనపడాలంటే చుట్టూ బంగారం ఎంత తక్కువ పెట్టాలో తెలిసినవాడు పొదిగాడు.

2020 సెప్టెంబరు 25న బాలు పోయిన రోజు మా స్నేహితుల గుంపులో ఎవరి జాబితా వాళ్లు పెట్టారు. పది పాటలు, ఇరవై పాటలు, యాభై పాటలు. షాపులో నాకిచ్చిన కాగితాల్లాంటివే. కూర్చుని అన్నీ చూశాను. ఆయన స్వయంగా కట్టిన పాట ఒకే ఒక్కటి కనిపించింది, చెంగావి చీర పాట. దాని కింద కూడా సంగీతం ఎవరిదో ఎవరూ రాయలేదు. నేనూ ఒక జాబితా పంపాను. అందులో 'పడమటి సంధ్యారాగం' లేదు. ముప్పయ్యేళ్ల తర్వాత కూడా నా చెయ్యి అలవాటుగా గొంతునే ఎంచుకుంది.

మొన్న దసరాకు ప్రొద్దుటూరు పోయినప్పుడు అటక మీద పెట్టె దించితే అప్పటి క్యాసెట్లు నాలుగైదు దొరికాయి. ఒకదాని రెండో పక్క చివర్లో 'ముద్దుగారే యశోద'. టేపు సాగిపోయి జానకమ్మ గొంతు రెండుచోట్ల వంకర పోయింది. మా చెల్లెలి కూతురు అట్ట తీసి చదివి, "ఇది జానకి గారి పాట కదా మామా, బాలు అని రాసినావే?" అంది.

సరిగ్గానే రాసినాలే అన్నాను. ఆ పిల్ల ఒప్పుకోలేదు. పెన్ను తెచ్చి కొట్టేసి జానకి అని రాసింది.